స్ప్రింక్లర్ హెడ్ కింద అగ్గిపుల్ల గీసి చూడకండి

ఇంట్లో మంటలొస్తే సీలింగ్ నుంచి నీళ్లు చల్లే స్ప్రింక్లర్ల మీద వచ్చిన ఉత్తరాలకు ఈ సంచికలో చోటిచ్చాం. ఎక్కువ అమెరికాలో ఇళ్లు కొనుక్కున్న తెలుగువాళ్లవి, రెండు హైదరాబాద్ అపార్ట్‌మెంట్ల నుంచి. అందరి అనుమానమూ ఇంచుమించు ఒకటే: అసలు సమయానికి ఇది పనిచేస్తుందని ముందుగా తెలుసుకోవడం ఎలా?

ప్రశ్న: ట్రేసీలో 2018లో కట్టిన ఇల్లు కొన్నాం. ప్రతి గదిలోనూ సీలింగ్‌కి గుండ్రటి తెల్లమూతలున్నాయి. వాటి లోపల స్ప్రింక్లర్లట. ఇన్నేళ్లలో ఎవరూ వచ్చి చూసింది లేదు. మావారు లైటర్‌తో ఒకదాన్ని వేడిచేసి చూద్దామంటున్నారు. చూడొచ్చా?
(ఒక పాఠకురాలు, ట్రేసీ, కాలిఫోర్నియా)

జవాబు: వద్దండి. ఆ మూత సుమారు 57–60 డిగ్రీల సెల్సియస్ దగ్గర అతుకు కరిగి ఊడిపడుతుంది. లోపలి హెడ్, అంటే నీళ్లు చిమ్మే మూతి, 68 డిగ్రీల చుట్టుపక్కల తెరుచుకుంటుంది. తెరుచుకున్నాక మూయడానికి దానికి కుళాయి లాంటిదేమీ ఉండదు. మీరు గరాజ్‌లోకి పరుగెత్తి వాల్వ్ కట్టేసేలోపు నిమిషానికి 50 నుంచి 100 లీటర్ల చొప్పున హాల్లో పోస్తుంది. ఆ హెడ్ మళ్లీ పనికిరాదు, కొత్తది బిగించాల్సిందే. పైగా ఆ ఒక్కటి తెరుచుకుందని మిగతావి తెరుచుకుంటాయని రుజువేమీ కాదు.

హెడ్‌ని దాని చోట ఉంచి పరీక్షించే మార్గం లేదు. ఇంట్లో పరీక్షించగలిగింది హెడ్ దాకా నీళ్లొస్తున్నాయా లేదా అన్నదే. నిజానికి చాలా చోట్ల తేడా వచ్చేదీ అక్కడే.

కాలిఫోర్నియాలో 2011 జనవరి 1 నుంచి కొత్తగా కట్టే ప్రతి ఇంటికీ స్ప్రింక్లర్లు తప్పనిసరి. కాబట్టి మీ గరాజ్ గోడకో, ఇంటి పక్కగోడకో ఒక నిలువు పైపు ఉంటుంది. దాన్ని రైజర్ అంటారు. దానిమీద కింది నుంచి పైకి మెయిన్ వాల్వ్, ప్రెషర్ గేజీ, నీళ్లు కదిలితే గంట మోగించే ఫ్లో స్విచ్ అనే చిన్న డబ్బా, టెస్ట్-డ్రెయిన్ వాల్వ్ కనిపిస్తాయి. పక్కనే రెండు మూడు స్పేర్ హెడ్లు, వాటి రెంచీ ఉన్న పెట్టె ఉండాలి. లేకపోతే తెప్పించి పెట్టుకోండి. హెడ్‌ని మామూలు పానాతో తిప్పితే ఫ్రేమ్ వంకరపోతుంది.

ఏడాదికోసారి చేయాల్సిన పరీక్ష ఇది. అలారం కంపెనీకి కనెక్షన్ ఉంటే ముందు ఫోన్ చేసి టెస్ట్‌లో పెట్టించండి, లేకపోతే ఫైర్ ఇంజిన్ గుమ్మంలో ఉంటుంది. పక్కింటివాళ్లకీ ఒక మాట చెప్పండి. గేజీ రీడింగ్ రాసుకోండి. డ్రెయిన్ గొట్టం బయట ఎక్కడ తేలుతుందో చూసుకుని, వాల్వ్‌ని ‘టెస్ట్’ గుర్తు దాకా తిప్పండి. చాలా వాల్వ్‌లకి మూడు స్థానాలుంటాయి: మూసివేత, టెస్ట్, డ్రెయిన్. ‘టెస్ట్’లో నీళ్లు ఒక స్ప్రింక్లర్ రంధ్రమంత సందులోంచే వస్తాయి. అంటే ఒక హెడ్ తెరుచుకుంటే ఎంత పారుతుందో అంతే. మొదట వచ్చే నీళ్లు నల్లగా, వాసనగా ఉంటాయి. ఏళ్ల తరబడి పైపులో నిలవున్న నీళ్లు మరి, కంగారుపడకండి. తేటపడే దాకా వదలండి.

ఫ్లో స్విచ్ ఉంటే గంట మోగాలి. వాల్వ్ తిప్పగానే మోగకపోతే చెడిపోయిందనుకోవద్దు. వీధి పైపులో వచ్చే చిన్న కుదుపులకి మోగకుండా దానికి అర నిమిషం నుంచి నిమిషంన్నర దాకా ఆలస్యం పెడతారు. ఐదు నిమిషాలైనా మోగకపోతే మాత్రం రిపేరే. కొన్ని ఇళ్లకి స్విచ్చూ గంటా అసలుండవు. పొగ అలారాలు ఉంటే ప్రమాణం అందుకు ఒప్పుకుంటుంది.

నీళ్లు పారుతుండగా గేజీ మళ్లీ చదివి రాసుకోండి. తర్వాత వాల్వ్ నెమ్మదిగా మూయండి. టక్కున మూస్తే నీటి దెబ్బకి జాయింట్లు అదురుతాయి. చివరగా మెయిన్ వాల్వ్ పిడి పైపుకి సమాంతరంగా ఉందో లేదో కళ్లారా చూడండి. అడ్డంగా ఉంటే నీళ్లు మూసి ఉన్నట్టు. ప్లంబర్ ఏదో పనికి కట్టేసి తెరవడం మరిచిపోయిన ఇళ్లు ఎన్నో. ఈ ఒక్కటి మాత్రం ఏడాదికి కాదు, నెలనెలా చూడాలి.

ప్రశ్న: మా రైజర్ గేజీ ఎప్పుడూ 70 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) చూపిస్తుంది. అది చాలు కదా? ఈమధ్య ఇల్లంతటికీ వాటర్ సాఫ్ట్‌నర్ పెట్టించాం. గేజీలో మార్పేమీ లేదు.
(శాన్ రామోన్, కాలిఫోర్నియా)

జవాబు: చాలదు. నీళ్లు కదలనప్పటి ప్రెషర్ మీద నమ్మకం పెట్టుకోవద్దు. వాల్వ్ ముప్పాతిక మూసి ఉన్నా, సాఫ్ట్‌నర్‌లో చెత్త పట్టినా నిలకడ నీటి ప్రెషర్ అంతే చూపిస్తుంది. పైగా రైజర్ మీద నీళ్లు వెనక్కి పోకుండా ఆపే చెక్ వాల్వ్ ఉంటే రాత్రివేళ వీధిలో పెరిగిన ప్రెషర్ లోపలే చిక్కుకుని, గేజీ అసలుకంటే ఎక్కువే చూపిస్తుంది. పారేటప్పటి రీడింగే రీడింగు.

లెక్క చూద్దాం. ఇళ్లలో మామూలుగా వాడే హెడ్‌కి కె-ఫ్యాక్టర్, అంటే దాని రంధ్రం ఎంత నీటిని వదులుతుందో చెప్పే అంకె, 4.9. ప్రెషర్‌కి వర్గమూలం తీసి దానితో గుణిస్తే నిమిషానికి ఎన్ని గ్యాలన్లో వస్తుంది. 16 అడుగులకి 16 అడుగుల గదికి ఒక హెడ్ అనుకుంటే, చదరపు అడుగుకి 0.05 గ్యాలన్ చొప్పున దాదాపు 13 గ్యాలన్లు కావాలి. హెడ్ దగ్గర 7 పీఎస్‌ఐ ఉంటే సరిగ్గా అంతే వస్తుంది. ఇంత తక్కువా అనిపిస్తుంది కానీ, ఆ 7 ఉండాల్సింది మేడ మీద చివరి బెడ్‌రూమ్‌లో. గరాజ్ నుంచి 20 అడుగులు పైకెక్కేసరికే దాదాపు 9 పీఎస్‌ఐ పోతుంది. మీటరు, చెక్ వాల్వ్, పైపుల రాపిడి తినేది వేరే. అదీగాక రెండు హెడ్లు ఒకేసారి పారినా సరిపోయేలా డిజైన్ చేస్తారు కాబట్టి 26 గ్యాలన్లు కదలాలి.

టెస్ట్ గొట్టం కింద 5 గ్యాలన్ల బకెట్ పెట్టి సెకన్లు లెక్కపెట్టండి. పారేటప్పుడు గేజీ 50 చూపిస్తుంటే బకెట్ 9 సెకన్లలో నిండాలి. గేజీ 50 అంటూ బకెట్ 20 సెకన్లు తీసుకుంటే టెస్ట్ రంధ్రంలో చెత్త అడ్డుపడిందన్నమాట. గేజీయే 15కి పడిపోతే అడ్డు దానికంటే ముందు, అంటే వాల్వ్‌లోనో సాఫ్ట్‌నర్‌లోనో ఉంది. మీ ఇంటికి రైజర్ దగ్గర ఎంత కావాలో పర్మిట్ డ్రాయింగుల్లోని హైడ్రాలిక్ లెక్కలో ఉంటుంది. దానితో పోల్చి చూడండి.

ఇక సాఫ్ట్‌నర్ సంగతి. మీ రైజర్ దగ్గర ఒక హెచ్చరిక ఫలకం ఉండాలి. స్ప్రింక్లర్లకి నీళ్లిచ్చే లైను మీద సాఫ్ట్‌నర్లు, ఫిల్టర్లు, ఆటోమేటిక్ షటాఫ్ వాల్వ్‌లు డిజైన్ మళ్లీ చూపించకుండా పెట్టకూడదని దానిమీద రాసి ఉంటుంది. సాఫ్ట్‌నర్ ఆ లైను విడిపోయాక, అంటే కుళాయిల వైపు మాత్రమే ఉంటే ఇబ్బంది లేదు. మీటరుకీ రైజర్‌కీ మధ్య పెట్టి ఉంటే మార్పించండి. అంతకంటే ప్రమాదం, ఫోన్ యాప్‌తో నడిచే లీకేజీ షటాఫ్‌లు. హెడ్ తెరుచుకుని నీళ్లు ధారగా పోతుంటే అది ‘పైపు పగిలింది’ అనుకుని నీళ్లు కట్టేస్తుంది.

ప్రశ్న: వచ్చే నెల గృహప్రవేశం. పంతులుగారు హాల్లోనే హోమం అంటున్నారు. పైన స్ప్రింక్లర్ ఉంది. తెరుచుకుంటుందా?
(పేరు రాయలేదు, బే ఏరియా)

జవాబు: తెరుచుకునే అవకాశం బాగానే ఉంది. మంట మొదలు నుంచి సీలింగ్‌కి 8 అడుగులు, గది వేడి 25 డిగ్రీలు అనుకుందాం. నెయ్యి ధారగా పడి మంట లేచినప్పుడు అది 50 కిలోవాట్ల మంట అయితే, నేరుగా పైన సీలింగ్ దగ్గర గాలి లెక్క ప్రకారం 78 డిగ్రీల దాకా పోతుంది. హెడ్ తెరుచుకునేది 68 దగ్గర. ఇళ్ల హెడ్లు త్వరగా స్పందించేవి కాబట్టి ఆహుతి అయ్యేదాకా ఓపికపట్టవు. అదే మంట హెడ్‌కి ఆరున్నర అడుగుల పక్కన ఉంటే అక్కడ 45 డిగ్రీల లోపే. కానీ పూర్ణాహుతి వేళ మంట ఎంత లేస్తుందో ఎవరు చెప్పగలరు?

కుండాన్ని వెనక పేటియోలోకో, పెరట్లోకో మార్చమని పంతులుగారిని అడగండి. అమెరికాలో పురోహితులకి ఇది కొత్త కాదు. ఇంట్లోనే తప్పదంటే ఇటుకల మీద చిన్న కుండం, సన్నటి సమిధలు, హెడ్‌కి వీలైనంత దూరం, దగ్గర ఫైర్ ఎక్స్‌టింగ్విషర్. వాల్వ్ కట్టేసి హోమం చేసుకునేవాళ్లున్నారు. అలా చేస్తే నిప్పు బయటికి తీసుకెళ్లేదాకా కదలకుండా ఒక మనిషిని కూర్చోబెట్టండి. ఆ పనికే, వేరే పని చెప్పకుండా. తర్వాత వాల్వ్ తెరిచి, టెస్ట్ గొట్టంలో నీళ్లు పారించి చూసి ఆ మనిషిని వదలండి. హెడ్‌కి అల్యూమినియం ఫాయిల్ చుట్టడం, ప్లాస్టిక్ కవర్ కట్టడం మాత్రం వద్దు. అది ఆ రాత్రే కాదు, వచ్చే సంక్రాంతికీ అక్కడే ఉంటుంది.

ప్రశ్న: మేడ మీది క్లాజెట్‌ని పూజగదిగా మార్చుకున్నాం. రోజూ దీపం వెలుగుతుంది. అందులో హెడ్ లేదు. బిల్డర్ ఎగ్గొట్టాడా?
(ఫ్రీమాంట్, కాలిఫోర్నియా)

జవాబు: ఎగ్గొట్టలేదు. ఎన్‌ఎఫ్‌పీఏ అనే అమెరికా అగ్నిరక్షణ సంస్థ ఇళ్ల స్ప్రింక్లర్లకి రాసిన ప్రమాణం, 13డి, 24 చదరపు అడుగుల లోపు క్లాజెట్లకీ, 55 లోపు బాత్‌రూమ్‌లకీ మినహాయింపు ఇస్తుంది. మనుషులు వాడని అటకకీ అంతే. ఆ లెక్క బట్టలు పెట్టుకునే క్లాజెట్‌కి వేసింది, అఖండ దీపానికి కాదు. తలుపు తీసి ఉంచండి, అప్పుడు బయటి హెడ్‌కి వేడి తగిలే వీలుంటుంది. వీలైతే లైసెన్సున్న కాంట్రాక్టర్‌తో ఒక హెడ్ వేయించండి. గోడకి కర్టెన్లు, పటాల మీద ప్లాస్టిక్ దండలు తీసేయండి.

ప్రశ్న: ఒకటి తెరుచుకుంటే ఇల్లంతా వర్షం కురుస్తుందా? సినిమాల్లో అలాగే చూపిస్తారు.
(హూస్టన్)

జవాబు: కురవదు. వేడి తగిలిన హెడ్ ఒక్కటే తెరుచుకుంటుంది. పొగకి తెరుచుకోదు. ఆరిజోనాలోని స్కాట్స్‌డేల్ నగరం 1986 నుంచి కొత్త ఇళ్లకి స్ప్రింక్లర్లు తప్పనిసరి చేసి 15 ఏళ్ల లెక్కలు రాసిపెట్టింది. స్ప్రింక్లర్ పనిచేసిన మంటకి సగటున 341 గ్యాలన్లు, లేని చోట ఫైర్‌వాళ్ల గొట్టాలతో 2,935 గ్యాలన్లు ఖర్చయ్యాయి. పొగకి తెరుచుకోదన్న మాట ఇంకోసారి చదవండి. పరుపు నిప్పు రాజుకుని పొగలు కక్కుతుంటే మనిషి ఊపిరాడక పోయేదాకా కూడా హెడ్‌కి చాలినంత వేడి రాకపోవచ్చు. పొగ అలారం వేరే ఉండి తీరాలి.

ప్రశ్న: ఇంతకీ ఇవి పనిచేస్తాయని ల్యాబుల్లో ఎలా తేల్చారు? యూట్యూబ్‌లో పక్కపక్కన రెండు గదులు తగలబెట్టే వీడియోలు చూశాను.
(మెకానికల్ విద్యార్థి, వరంగల్)

జవాబు: ఆ వీడియోలు ప్రదర్శనలు. నిజమే చూపిస్తాయి కానీ పరీక్ష అనిపించుకోవు. అసలు పరీక్ష యూఎల్ (అమెరికాలో వస్తువుల భద్రతని పరీక్షించే సంస్థ) రాసిన 1626 అనే ప్రమాణం ప్రకారం జరుగుతుంది. అందులో హెడ్ ఎంత నీళ్లు చల్లిందన్న దానికంటే, ఆ గదిలో మనిషి బతికి బయటపడగలడా అన్నదే చూస్తారు.

గది మూలలో రెండు గోడలకీ ప్లైవుడ్ కొడతారు. హెప్టేన్ అనే మండే ద్రవం పోసిన పళ్లెం మీద చెక్క ముక్కల పేర్పు, పక్కన సోఫాకి బదులు ఫోమ్ పలకలు పెడతారు. గదిలో రెండు హెడ్లు, గుమ్మం దగ్గర మూడోది. మంట అంటించి, మొదటి హెడ్ తెరుచుకున్నాక పది నిమిషాలు చూస్తారు. సీలింగ్‌కి మూడంగుళాల కింద గాలి 316 డిగ్రీలు దాటకూడదు. నేల నుంచి 1.6 మీటర్ల ఎత్తున, అంటే నిలబడ్డ మనిషి ముఖం ఉండేచోట, 93 దాటకూడదు. 54 డిగ్రీల పైన వరసగా రెండు నిమిషాలు ఉండకూడదు. మూడో హెడ్ తెరుచుకోకూడదు. అది తెరుచుకుందంటే మొదటి రెండూ మంటని ఆ గదిలో ఆపలేకపోయాయనే. ఇందాక చెప్పిన రెండు హెడ్ల నీటి లెక్కకి దీనితో పొత్తు ఉంది.

ఇదంతా ఒక్కసారి రాలేదు. 13డి మొదటి ప్రతి 1975లో వచ్చింది. అప్పటికి ఉన్నవి గోదాములకీ ఆఫీసులకీ చేసిన హెడ్లు. భవనాన్ని కాపాడేవి గానీ, ఆలస్యంగా తెరుచుకునేసరికి ఆ గదిలో ఉన్న మనిషికి బతికే గాలి మిగిలేది కాదు. లాస్ ఏంజెలెస్‌లో నిజమైన ఇళ్లలో మంటలు పెట్టి చూశాక 1980లో ప్రమాణాన్ని తిరగరాశారు. త్వరగా స్పందించే హెడ్లు అప్పుడొచ్చాయి. ఆ చురుకుదనాన్ని ఆర్‌టీఐ అనే అంకెతో కొలుస్తారు. పాతరకాలకి 80 పైన, ఇళ్లవాటికి 50 లోపు. కంటికి కనిపించే తేడా, వేడికి పగిలి హెడ్‌ని తెరిచే గాజుగుళిక మందం: 5 మిల్లీమీటర్లది మందకొడి, 3 మిల్లీమీటర్లది చురుకు.

ఆ సెకన్లకి ఇంత విలువెందుకో యూఎల్‌లో చేసిన మరో వరస పరీక్షలు చెప్తాయి. పాతకాలం చెక్క, దూది సామానుతో నింపిన గదుల్లో రెండు 29 నిమిషాల 30 సెకన్లకీ, 34 నిమిషాల 15 సెకన్లకీ మొత్తం భగ్గుమన్నాయి. మూడోది అరగంటకీ భగ్గుమనలేదు. ఇప్పటి ఫోమ్ సోఫాలు, పాలియెస్టర్ కర్టెన్లు ఉన్న మూడు గదులు 3 నిమిషాల 20 సెకన్ల నుంచి 4 నిమిషాల 45 సెకన్ల మధ్యే అయిపోయాయి. చాలా ఊళ్లలో ఫైర్ ఇంజిన్ అంతలో రాదు.

ప్రశ్న: మాది 1996లో కట్టిన టౌన్‌హౌస్. హెడ్ల మీద ‘ఒమేగా’ అని ఉంది. ఇన్‌స్పెక్టర్ మార్చమన్నాడు. చూడ్డానికి బాగానే ఉన్నాయి.
(మేరీలాండ్)

జవాబు: మార్చండి, బేరమాడకండి. సెంట్రల్ స్ప్రింక్లర్ కంపెనీ తయారుచేసిన ఒమేగా హెడ్లు 84 లక్షల దాకా 1998లో అమెరికా వినియోగదారుల భద్రతా కమిషన్ రీకాల్ చేయించింది. అదే కంపెనీవి, ఓ-రింగ్ ఉన్న మరో 3.5 కోట్ల హెడ్లు 2001లో రీకాల్ అయ్యాయి. లోపం లోపలి రబ్బరు రింగులో. నీటిలోని ఖనిజాలు, లవణాలు పట్టి అది చెడితే, వేడి తగిలినా మూత కదలదు. బయటికి ఏమీ తెలీదు, టెస్ట్ గొట్టంలో నీళ్లు చక్కగా పారతాయి. ఉచితంగా మార్చిచ్చే గడువు ఎప్పుడో ముగిసింది, ఖర్చు మీదే. పెద్ద భవనాల్లో కొన్నేళ్లకోసారి కొన్ని హెడ్లు ఊడదీసి ల్యాబుకి పంపేది ఇలాంటివి పట్టుకోవడానికే. కనీసం నాలుగు, లేదా మొత్తంలో నూటికి ఒకటి, ఏది ఎక్కువైతే అది పంపుతారు.

ప్రశ్న: మా అటకలో నారింజ రంగు ప్లాస్టిక్ పైపులున్నాయి. 2021 ఫిబ్రవరి చలికి పక్కింట్లో పైపు పగిలి సీలింగ్ కూలింది. యాంటీఫ్రీజ్ పోయించనా?
(మెకిన్నీ, టెక్సస్)

జవాబు: పోయించొద్దు. 2009లో కాలిఫోర్నియాలోని ట్రకీలో వంటింటి మంటకి స్ప్రింక్లర్ తెరుచుకుంటే, గ్లిజరిన్ ఎక్కువ పాళ్లలో ఉన్న ఆ ద్రవమే అంటుకుని ప్రాణం పోయింది. తర్వాత చేసిన పరీక్షల్లో గ్లిజరిన్ 50 శాతం, ప్రొపిలీన్ గ్లైకాల్ 40 శాతం దాటితే చల్లినప్పుడు మండగలదని తేలింది. 2010లో ఎన్‌ఎఫ్‌పీఏ హెచ్చరిక ఇచ్చింది, తర్వాత హద్దులు 48, 38 శాతానికి దించారు. 2022 సెప్టెంబరు 30 తర్వాత పాత సిస్టమ్‌లలో కూడా పరీక్షించి లిస్ట్ చేసిన ద్రావణాలే ఉండాలి. చేత్తో కలిపి పోసేవాళ్లని దగ్గరికి రానివ్వకండి.

మీకు కావలసింది ఇన్సులేషన్ సర్దుకోవడం. దూదిలాంటి ఆ మెత్త పైపు మీద ఉండాలి, కింద కాదు. కింద దూరిస్తే గది వెచ్చదనం పైపుకి చేరకుండా మీరే అడ్డుకున్నట్టు. సోలార్‌వాళ్లో, కేబుల్‌వాళ్లో అటకెక్కి దాన్ని తొక్కి పక్కకి నెట్టి ఉంటారు. చలికాలం ముందు ఒకసారి టార్చ్‌లైట్‌తో చూడండి. పైపు దగ్గర 4 డిగ్రీల సెల్సియస్‌కి తగ్గకూడదు. ఆ నారింజ పైపు సీపీవీసీ. కొన్ని స్ప్రే ఫోమ్‌లు, పురుగుమందుల నూనెలు, కేబుల్ తొడుగులు దానికి పడవు. ఒరుసుకుంటే నెలల తర్వాత చీలిక వస్తుంది. రిపేరు చేశాక లీకేజీ పరీక్ష నీళ్లతోనే చేయాలి. కంప్రెసర్ గాలి ఎక్కించి సీపీవీసీని పరీక్షిస్తే, జాయింట్ ఊడినప్పుడు ముక్కలు తూటాల్లా ఎగురుతాయి.

ప్రశ్న: మాది 14 అంతస్తుల అపార్ట్‌మెంట్. బేస్‌మెంట్‌లో జాకీ పంపు మూడు నిమిషాలకోసారి ఆన్ అవుతోంది. ఏఎంసీ (ఏడాది నిర్వహణ కాంట్రాక్టు) కుర్రాడు వచ్చి రిజిస్టర్‌లో సంతకం పెట్టి వెళ్తాడు. మేమే ఏమన్నా చూసుకోగలమా?
(అసోసియేషన్ సెక్రటరీ, కూకట్‌పల్లి)

జవాబు: చూసుకోగలరు, చూసుకోవాలి కూడా. జాకీ పంపు ఉన్నది పైపుల్లో చిన్నాచితకా తగ్గుదల సర్దడానికి. రోజుకి రెండు మూడుసార్లు ఆన్ అయితే మామూలు. మూడు నిమిషాలకోసారంటే ఎక్కడో నీళ్లు పోతున్నాయి. ఇలాంటప్పుడు చాలా చోట్ల చేసే పని, మోత భరించలేక దాన్ని మాన్యువల్‌లో పెట్టడం. ఆ రోజు నుంచి సిస్టమ్ లేనట్టే లెక్క.

ఆదివారం ఉదయం సెక్యూరిటీకి, ఏఎంసీవాళ్లకి చెప్పి మొదలుపెట్టండి. ప్రతి అంతస్తు షాఫ్ట్‌లో జోన్ వాల్వ్, దాని తర్వాత గేజీ ఉంటాయి. అన్ని జోన్ వాల్వ్‌లూ మూసి గేజీలు రాసుకోండి. గంట తర్వాత ఏ అంతస్తు గేజీ పడిందో లీకు అక్కడ. సాధారణంగా ఎవరో ఇంటీరియర్ పనిలో కదిపిన జాయింటే. అన్నీ నిలబడి జాకీ పంపు మాత్రం తిరుగుతూనే ఉంటే తప్పు రైజర్‌లోనో, భూమిలో పైపులోనో, పంపు దగ్గర నీళ్లు వెనక్కి పోకుండా ఆపే నాన్-రిటర్న్ వాల్వ్‌లోనో ఉంది. ఎక్కడా తడి కనిపించకపోతే నాన్-రిటర్న్ వాల్వ్‌నే ముందు అనుమానించండి. నీళ్లు చడీచప్పుడు లేకుండా తిరిగి సంపులోకే పోతుంటాయి. పని అయ్యాక వాల్వ్‌లు తెరిచి, ఒక్కొక్కటీ లెక్కపెట్టి, గొలుసు తాళం వేయించండి.

రెండో పరీక్ష పై అంతస్తులో. చివరి మూల ఇన్‌స్పెక్టర్ టెస్ట్ వాల్వ్ ఉంటుంది. అది తెరిస్తే కింద ప్యానెల్‌లో ఆ అంతస్తు లైటు వెలిగి హూటర్ మోగాలి, జాకీ పంపు ఆన్ కావాలి. ఇక్కడ ఒక తిరకాసు ఉంది. మన దగ్గర వాడే హెడ్ కె-ఫ్యాక్టర్ లీటర్లు, బార్‌ల లెక్కలో 80. పైన 3.5 బార్ ఉంటే నిమిషానికి 150 లీటర్లు పారుతుంది. జాకీ పంపే నిమిషానికి 180 లీటర్లు తోడుతుంది. అంటే ప్రెషర్ పడిపోదు, మెయిన్ పంపు ఆన్ కాదు. అది లోపం కాదు. కానీ మెయిన్ పంపు బాగుందని ఈ పరీక్ష రుజువు చేయదు కూడా. దానికి వేరేగా జాకీని ఆపి, డ్రెయిన్‌తో ప్రెషర్ దించుతూ గేజీ ఎంతకి వచ్చినప్పుడు మెయిన్ పంపు ఎత్తుకుందో రాసుకోవాలి. తర్వాత దాన్నీ ఆపి డీజిల్ పంపు చూడాలి. డీజిల్ పంపు మొరాయించేది ఎక్కువగా బ్యాటరీ వల్లే. మెయిన్ పంపు తనంతట తాను ఆగకూడదు, మనిషి వెళ్లి ఆపాలి. ఆటోమేటిక్‌గా ఆగేలా ఎవరైనా వైరింగ్ మార్చి ఉంటే తీయించండి.

సంపు మాట మరవకండి. ఎండాకాలంలో బోర్లు ఎండి ట్యాంకర్ల మీద నడిచే రోజుల్లో ఫైర్ నిల్వలోంచి వాడకానికి నీళ్లు తోడేస్తారు. వాడకపు పంపు సక్షన్ పైపు ఫైర్ నిల్వ మట్టానికి పైన ఉంటే ఆ దురాశకి అవకాశమే ఉండదు. మీ సంపు మూత తీసి ఆ పైపు ఎక్కడిదాకా దిగిందో చూడండి.

ప్రశ్న: ఫ్లాట్‌లో ఫాల్స్ సీలింగ్ చేయిస్తున్నాం. డిజైనర్ స్ప్రింక్లర్లు కనిపించకుండా పైన వదిలేద్దామంటున్నాడు. రంగు వేస్తే సరిపోదా?
(కొండాపూర్)

జవాబు: రెండూ తప్పే. జిప్సమ్ పలక పైన వదిలేసిన హెడ్‌కి గదిలోని మంట తెలియదు. పలక కాలి కూలాకే వేడి తగులుతుంది. లైనుని కిందికి దించి, నీళ్లు చిమ్మే పళ్లెం కొత్త సీలింగ్‌కి 25 నుంచి 100 మిల్లీమీటర్ల కింద ఉండేలా కొత్త హెడ్ వేయించాలి. కనిపించకూడదంటే మూతతో వచ్చే కన్సీల్డ్ రకం దొరుకుతుంది. దాని మూత రంగు ఫ్యాక్టరీలోనే వేయించుకోవాలి. ఇంట్లో రోలర్ కొడితే అంచులో రంగు చేరి మూత సీలింగ్‌కి అతుక్కుపోతుంది. హెడ్‌కే రంగు తగిలితే థిన్నర్‌తో తుడవద్దు, తీసి పారేయాల్సిందే. సీలింగ్ ఫ్యాన్ మధ్యభాగం నుంచి హెడ్ కనీసం మూడడుగుల దూరం ఉండాలి. వార్డ్‌రోబ్ మీద అట్టపెట్టెలు పేర్చినా హెడ్ కింద అడుగున్నర ఖాళీ వదలాలి.

పని చేసేటప్పుడు మీ అంతస్తు జోన్ వాల్వ్ కట్టేస్తారు. ఎప్పుడు కట్టారో, ఎప్పుడు తెరిచారో సెక్యూరిటీ రిజిస్టర్‌లో రాయించండి. ఫాల్స్ సీలింగ్ మూసేముందు ఒక రాత్రంతా లైనులో పూర్తి ప్రెషర్ ఉంచి, తెల్లారి జాయింట్ల కింద పరిచిన న్యూస్‌పేపర్ తడిసిందేమో చూడండి. తడి లేకపోతేనే పలకలు బిగించనివ్వండి.